పాఠం చెబుతూనే ఎదగడం ఎలా? తిరుపతి, చిత్తూరు టీచర్లకు ఒక ఏడాది పని

ఉద్యోగంలో చేరి పదేళ్లు దాటాక టీచర్‌కి పాఠం నోటికి వచ్చేస్తుంది. ఏ పేజీలో ఏ బొమ్మ ఉందో పుస్తకం తెరవకుండానే చెప్పగలరు. పిల్లలు ఎక్కడ తడబడతారో కూడా ముందే తెలుసు. చేరిన కొత్తలో ఉన్న టెన్షన్ పోయి ఆ చోట అలవాటు వచ్చి కూర్చుంటుంది. అలవాటు చెడ్డదేమీ కాదు, అది లేకపోతే రోజుకు ఐదారు పీరియడ్లు చెప్పలేం. చిక్కల్లా ఏమిటంటే, పాఠం సాఫీగా నడుస్తున్నట్టు మనకు అనిపిస్తూనే ఉంటుంది, వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడికి మాత్రం ఆ రోజు ఏమీ అంది ఉండదు. ఆ సంగతి పరీక్ష పేపర్లు దిద్దేదాకా తెలియదు. అప్పటికి పాఠం మారిపోయి ఉంటుంది.

ఇక్కడ చెప్పేవన్నీ సెలవు పెట్టకుండా, పెద్దగా ఖర్చు లేకుండా చేయగలిగే పనులు. ప్రైమరీ తరగతులు చెప్పే ఎస్జీటీలకైనా, హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే స్కూల్ అసిస్టెంట్లకైనా పనికొస్తాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. టీచర్ ఎక్కువగా ఎదిగేది తన క్లాసులో జరిగినదాన్ని తానే మళ్లీ చూసుకున్నప్పుడు, తోటి టీచర్‌కి చూపించినప్పుడు. శిక్షణలు, కోర్సులు, సర్టిఫికెట్లు దానికి తోడు వస్తే మంచిదే. అది లేకుండా అవి మాత్రమే ఉంటే ఫైల్ లావవుతుంది, అంతే.

ముందు మీ గొంతు మీరు వినండి

ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఉంటుంది. క్లాసుకు వెళ్లే ముందు ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, రికార్డర్ ఆన్ చేసి, జేబులోనో టేబుల్ మీదో పెట్టేయండి. పదిహేను నిమిషాలు చాలు. వీడియో వద్దు. పిల్లల ముఖాలు ఫోన్‌లో ఉండడం మంచిది కాదు, పైగా కెమెరా చూస్తే పిల్లలూ మారిపోతారు, మనమూ మారిపోతాం. ఈ రికార్డింగ్ మీకోసం మాత్రమే. విన్నాక తీసేయండి, ఏ గ్రూపులోనూ పెట్టకండి.

రాత్రి భోజనం అయ్యాక ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మొదటి రెండు నిమిషాలు మన గొంతు మనకే ఎబ్బెట్టుగా ఉంటుంది, అందరికీ అంతే. తర్వాత ఒక కాగితం తీసుకుని మూడు విషయాలు మాత్రం లెక్కపెట్టండి.

మొదటిది, "అర్థమైందా?" అని ఎన్నిసార్లు అడిగారు? అడిగిన ప్రతిసారీ "అర్థమైంది సార్" అని క్లాసంతా రాగం తీసి ఉంటుంది. ఆ రాగానికి అర్థం లేదు. అర్థం కాని పిల్లవాడే అందరికంటే గట్టిగా అని ఉండొచ్చు, ఎందుకంటే గట్టిగా అంటే సార్ తనవైపు చూడరని వాడికి తెలుసు.

రెండోది, ప్రశ్న అడిగాక మీరు ఎంతసేపు ఆగారు? అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్స్ విద్యావేత్త ఎన్నో క్లాసుల రికార్డింగులు విని చెప్పిన సంగతి ఒకటుంది. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను దాకా ఆగుతారు, జవాబు రాకపోతే తామే చెప్పేస్తారు లేదా ఇంకొకరిని లేపుతారు. ఆ ఒక్క సెకనును మూడు సెకన్లు చేస్తే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎక్కువమంది నోరు తెరిచారు, "తెలీదు" అనడం తగ్గింది. ఆమె ఈ ఫలితాలు ప్రకటించింది 1970లలో. మన క్లాసుల్లో ఇప్పటికీ అదే ఒక్క సెకను. మీ రికార్డింగ్‌లో చూసుకోండి, నమ్మకం కుదురుతుంది.

మూడోది, జవాబు చెప్పిన గొంతులు ఎన్ని? నలభై మంది క్లాసులో నాలుగే గొంతులు వినిపిస్తే, మిగతా ముప్పై ఆరు మంది ఆ పాఠానికి ప్రేక్షకులు.

ఇక మర్నాటి నుంచి ఒక్క మార్పు చేయండి. ప్రశ్న ముందు, పేరు తర్వాత. "గిరీ, త్రిభుజంలో మూడు కోణాల మొత్తం ఎంత?" అంటే గిరి ఒక్కడే ఆలోచిస్తాడు, మిగతావాళ్లు హమ్మయ్య అనుకుంటారు. "త్రిభుజంలో మూడు కోణాల మొత్తం ఎంత?" అని అడిగి, మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుని, అప్పుడు పేరు పిలవండి. ఆ మూడు సెకన్లు మొదట్లో చాలా పొడుగ్గా అనిపిస్తాయి. ఎవరో ఒకరు "సార్ నేను, సార్ నేను" అని పైకి లేస్తారు. కూర్చోమనండి. వారంలో అలవాటు పడతారు. నెలకోసారి మళ్లీ రికార్డ్ చేసి అదే కాగితం పక్కన లెక్కలు రాసుకోండి.

తప్పుల్ని కట్టలు కట్టండి

పేపర్లు దిద్దడం మనకు తెలిసిందే. ఎర్ర ఇంకుతో టిక్కు, ఇంటూ, మొత్తం మార్కులు, రిజిస్టర్‌లో ఎక్కించడం. ఈసారి మార్కులు వేయకముందు ఒక పని చేయండి. ఒకే ఒక లెక్క తీసుకుని, ఆ లెక్కకు వచ్చిన తప్పు జవాబుల్ని బట్టి పేపర్లు విడదీయండి.

ఉదాహరణకు నాలుగో తరగతిలో 502 లోంచి 178 తీసేయమన్నారు. సరైన జవాబు 324. తప్పు రాసినవాళ్లలో కొందరు 476 రాస్తారు, కొందరు 424 రాస్తారు. రెండూ తప్పే, రెండింటికీ సున్నా మార్కులే. కానీ ఈ రెండు తప్పులకూ చుట్టరికం లేదు.

476 రాసిన పిల్ల ఏం చేసిందో చూడండి. ఒకట్ల స్థానంలో 2 లోంచి 8 పోదు కాబట్టి 8 లోంచి 2 తీసేసి 6 రాసింది. పదుల స్థానంలో 0 లోంచి 7 పోదు, 7 లోంచి 0 తీసేసి 7 రాసింది. వందల్లో 5 లోంచి 1 పోతే 4. ఈ పిల్ల దృష్టిలో తీసివేత అంటే పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేయడం, పైన ఏదుందో కింద ఏదుందో పట్టింపు లేదు. 424 రాసిన పిల్లవాడు అలా కాదు. వాడికి అప్పు తెచ్చుకోవడం తెలుసు. 2 ను 12 చేశాడు, మధ్యలో ఉన్న సున్నాను 9 చేశాడు, కానీ ఆ అప్పు ఇచ్చిన వందల స్థానంలో 5 ను 4 చేయడం మర్చిపోయాడు. వాడు గమ్యానికి ఒక్క అడుగు దూరంలో ఉన్నాడు. ఇద్దరినీ పిలిచి "మళ్లీ పదిసార్లు చేసుకుని రా" అంటే, ఆ పిల్ల తన తప్పు పద్ధతినే పదిసార్లు సాధన చేసి గట్టిపరుచుకుంటుంది.

మొదటి పిల్లకు పుల్లల కట్టలతో మొదలుపెట్టాలి, పది పుల్లల కట్ట విప్పితేనే ఒకట్లు వస్తాయని చేత్తో చూడాలి. రెండో పిల్లవాడికి పుల్లలు అక్కర్లేదు. ఐదు వంద నోట్లు, రెండు రూపాయి బిళ్లలు ఇచ్చి, నూట డెబ్బై ఎనిమిది రూపాయలు చిల్లరగా ఇవ్వమంటే చాలు. ఒక వంద నోటు మార్చకుండా ఇవ్వలేడు, మార్చాక చేతిలో నాలుగే వంద నోట్లున్నాయని వాడికే కనిపిస్తుంది.

ఇలా కట్టలు కట్టడానికి ఒక లెక్కకు ఇరవై నిమిషాలు పడుతుంది. అన్ని లెక్కలకూ చేయక్కర్లేదు, ఏడాది మధ్యమధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షకు ఒక్కటి చాలు. తెలుగు టీచర్లు ఒత్తుల తప్పుల్ని, సైన్స్ టీచర్లు బొమ్మల్లో గుర్తించిన భాగాల్ని, ఇంగ్లిష్ వాళ్లు ఒక్క వాక్య నిర్మాణాన్ని ఇలాగే విడదీయొచ్చు. ఒక్కో రకం తప్పుకు ఒక్కో నోట్‌బుక్ పేజీ ఫొటో తీసి పెట్టుకోండి, పేరు కనిపించకుండా. ఈ ఫొటోలతో తర్వాత పనుంది.

ఒక్క ప్రశ్న పట్టుకోండి

బీఎడ్‌లో చర్యాత్మక పరిశోధన అని, అంటే తన క్లాసులోని సమస్యను టీచర్ తానే పరిశీలించి చూడడం మీద, ఒక రికార్డ్ రాశాం, గుర్తుందా? సీనియర్ల రికార్డు చూసి రాసినవాళ్లే ఎక్కువ. అసలు సరుకు అందులోనే ఉంది. కట్టలు కట్టాక ఒక ప్రశ్న దానంతట అదే పుడుతుంది. నగరి, సత్యవేడు వైపు పనిచేసేవాళ్లకు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలుంటారు. కుప్పం వైపు తమిళంతో పాటు కన్నడం కూడా. అక్కడి టీచర్ "ఈ పిల్లలు పద సమస్యల్లో ఆగిపోయేది లెక్క దగ్గరా, తెలుగు వాక్యం దగ్గరా?" అని తనను తాను ప్రశ్నించుకోవచ్చు. అదే సమస్యను నోటితో, కాస్త తమిళం కలిపి చెప్పి చూస్తే తేడా తెలిసిపోతుంది. వాక్యం దగ్గరే ఆగుతున్నారని తేలితే, చేయాల్సింది లెక్కల రెమిడియల్ క్లాసు కాదు.

ప్రశ్న చిన్నదిగా ఉండాలి. "పిల్లల్లో పఠనాసక్తి పెంచడం ఎలా" అనేది ఆరు వారాల్లో తేలదు. "మూడో తరగతిలో ఈ తొమ్మిది మంది గుణింతంలో ఏ గుర్తు దగ్గర తడబడుతున్నారు" అనేది తేలుతుంది. ఆరు వారాలు దాటితే వదిలేసి ఇంకో ప్రశ్న పట్టుకోండి.

తోటి టీచర్‌ని వెనక బెంచీకి పిలవండి

అన్నిటికంటే కష్టమైన పని ఇది. మన బళ్లలో ఒకరి క్లాసుకు ఇంకొకరు వచ్చి కూర్చున్నారంటే అది తనిఖీయే. మండల విద్యాధికారి (ఎంఈవో) వస్తారు, లేదా పైనుంచి టీమ్ వస్తుంది. ఆ రోజు అందరూ టీచింగ్ డైరీ వెతుక్కుంటారు, చార్టులు గోడ మీదికి ఎక్కుతాయి. కాబట్టి పిలిచే తీరులోనే తేడా ఉండాలి. ఇలా అడిగి చూడండి:

"మేడం, రేపు మూడో పీరియడ్ మీకు లీజరే కదా. ఒక పదిహేను నిమిషాలు నా ఎయిత్ క్లాసులో వెనక కూర్చుంటారా?"

"ఏంది సార్, నన్ను ఇన్‌స్పెక్షన్‌కి పిలస్తా ఉండారా?"

"అదేం లేదు మేడం. నేను బోర్డు వైపు తిరిగినప్పుడు చివరి రెండు బెంచీల వాళ్లు ఏం చేస్తారో నాకు కనపడదు. వాళ్లను మాత్రం చూసి రాయండి. నా పాఠం బాగుందా లేదా అని ఒక్క మాట కూడా చెప్పొద్దు."

ఆ చివరి వాక్యం ముఖ్యం. చూసేది పిల్లల్ని. జపాన్‌లో టీచర్లు వందేళ్లకు పైగా చేస్తున్న పని ఇదే. వాళ్లు జుగ్యో కెంక్యూ అంటారు. నలుగురైదుగురు టీచర్లు కలిసి ఒక పాఠాన్ని తయారుచేస్తారు, ఒకరు చెబుతారు, మిగతావాళ్లు పిల్లలు ఎక్కడ ఆగారో, ఎలా ఆలోచించారో రాసుకుంటారు, సాయంత్రం కూర్చుని పాఠాన్ని సవరిస్తారు. పాఠం అందరిదీ కాబట్టి తప్పు జరిగినా ఒక్కరి నెత్తిన పడదు.

చూడడానికి వచ్చిన మేడం చేతిలో ఒక తెల్ల కాగితం చాలు. అందులో "క్లాస్ కంట్రోల్ బాగుంది" లాంటి మాటలు ఉండకూడదు. "కిటికీ పక్క అబ్బాయి పటం గీయమన్నప్పుడు పక్కవాడిది చూసి గీశాడు, స్కేలు లేదు" అని ఉండాలి. "రెండో వరుస అమ్మాయి జవాబు పెదాలతో అంది, చెయ్యెత్తలేదు" అని ఉండాలి. ఇవి చదివితే మర్నాడు ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. స్కేలు లేనివాడికి స్కేలు, పెదాలతో చెప్పిన పిల్లకు ముందు పక్కనున్న పిల్లతో చెప్పే అవకాశం.

పదిహేను రోజులకోసారి ఇలా ఒకరి క్లాసుకు ఒకరు వెళ్లొస్తే చాలు. ముందుగా హెచ్ఎంకి ఒక మాట చెప్పండి, పీరియడ్ సర్దుబాటు ఆయన చేతిలో ఉంటుంది. "సార్, మేమిద్దరం ఒకరి క్లాసు ఒకరం చూసుకుంటాం, రిపోర్టు ఏదీ ఉండదు" అంటే చాలామంది కాదనరు. రిపోర్టు అడిగితే మాత్రం నయంగా తప్పించండి. రిపోర్టు మొదలైన రోజు నిజం రాయడం ఆగిపోతుంది.

ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసేవాళ్లకు ఇది కుదరదు, వాళ్ల పరిస్థితి వేరు. పక్క ఊరి బడి టీచర్‌తో వారానికోసారి ఫోన్‌లో అరగంట మాట్లాడుకోండి. ఇద్దరూ అదే పాఠం, అదే వారం చెప్పేలా చూసుకుని, పిల్లలు రాసిన రెండు పేజీల ఫొటోలు ముందే పంపుకోండి. పేజీ ముందుంటే మాట దారి తప్పదు. పేజీ లేకపోతే మొత్తం అరగంటా డీఏ బకాయిల మీదికి పోతుంది.

ఆ 50 గంటల సంగతి

జాతీయ విద్యా విధానం 2020 ప్రతి టీచర్ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభివృద్ధికి కేటాయించాలంది. 2017 సెప్టెంబరు 5న మొదలైన ఆన్‌లైన్ కోర్సుల వేదిక దీక్షా, 2019లో వచ్చిన టీచర్ల శిక్షణ కార్యక్రమం నిష్ఠా మనకు తెలిసినవే. కోర్సు వీడియో ఒక పక్క ఆడుతుంటే ఇంకో పక్క వంట అవుతూ ఉంటుందని, చివర క్విజ్ జవాబులు వాట్సాప్‌లో తిరుగుతాయని కూడా అందరికీ తెలుసు. ఆదేశం వచ్చిన కోర్సులు ఎలాగూ చేయాలి, చేసేయండి. వాటిలోంచి ఏడాదికి ఒకటో రెండో ఎంచుకుని మాత్రం నిజంగా చేయండి.

ఎంచుకోవడానికి ఒకటే గీటురాయి: మీరు పట్టుకున్న ఆ ఒక్క ప్రశ్నకు ఈ కోర్సులో ఏమైనా ఉందా? గుణింతం దగ్గర పిల్లలు ఆగిపోతుంటే, పునాది అక్షరాస్యత మాడ్యూల్ మీది. నాయకత్వ మాడ్యూల్ తర్వాత చూడొచ్చు. కోర్సు చేస్తూ నోట్సు రాయకండి, రేపు క్లాసులో చేసే ఒక పనిని మాత్రం రాయండి. ఏ పనీ దొరకలేదా, ఆ మాడ్యూల్ మీకు కాదు.

సబ్జెక్టును బస్సు కిటికీలోంచి చూడండి

బోధన పద్ధతుల గురించి అందరూ మాట్లాడతారు, సబ్జెక్టు గురించి ఎవరూ మాట్లాడరు. డిగ్రీలో చదివిన ఫిజిక్స్‌ని మళ్లీ తిరగేసినవాళ్లు మనలో ఎందరు? తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పనిచేసేవాళ్లకు ఈ విషయంలో ఉన్న వసతి చాలా జిల్లాలకు లేదు.

తిరుమల ఘాట్ రోడ్డులో ఎన్నిసార్లు వెళ్లి ఉంటాం? ఆ కొండవాలులో కింద గ్రానైట్, దాని మీద క్వార్ట్‌జైట్ పొరలు కనిపించే చోటుంది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. కింది రాయికీ పై పొరకూ మధ్య కోట్ల ఏళ్ల విరామం ఉంది, ఆ కాలం నాటి పొర అక్కడ లేదు. భారత భూగర్భ సర్వే సంస్థ దాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. కొండమీదున్న శిలాతోరణం గురించి చాలామందికి తెలుసు, దీని గురించి సోషల్ టీచర్లకే తెలియదు. శిలలు, అవక్షేపం పాఠం చెప్పేటప్పుడు రాజస్థాన్ బొమ్మ చూపించే బదులు, పిల్లలు ఏటా గుండు కొట్టించుకోవడానికి ఎక్కే కొండనే చూపించొచ్చు.

తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి వస్తుంది. అక్కడ ఉన్నది జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. భూమికి ఎన్నో కిలోమీటర్ల పైన గాలి ఎటు కదులుతోందో చూసే ఎంఎస్‌టీ రాడార్ అక్కడుంది. ఏర్పేడు దగ్గర ఐఐటీ, సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉన్నాయి. ఆ ఏర్పేడు వైపే గుడిమల్లంలో పరశురామేశ్వరాలయం ఉంది, అక్కడి లింగం దేశంలో ఇంతవరకు దొరికిన అతి పాతవాటిలో ఒకటి. అలిపిరి వైపు ప్రాంతీయ సైన్స్ కేంద్రం ఉంది. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ల దగ్గర కూర్చుంటే కరక్కాయ, పటిక, బెల్లంలో నానిన ఇనుము ఎలా రంగులవుతాయో కెమిస్ట్రీ టీచర్‌కి కళ్లముందు కనిపిస్తుంది. నల్లరంగు ఎలా వస్తుందో అడగండి. వాళ్లు చెప్పే జవాబులో పులియబెట్టడం ఉంటుంది, ఇనుము లవణాలు ఉంటాయి, ఆ పేర్లు మాత్రం ఉండవు. ఆ పేర్లు పెట్టడం మీ పని.

ఏడాదిలో రెండు శనివారాలు చాలు. పిల్లల్ని తీసుకెళ్లకండి మొదటిసారి, ఒక్కరే వెళ్లండి. నలభై మంది పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ మీరేమీ నేర్చుకోలేరు. ప్రయోగశాలలకు, విద్యాసంస్థలకు ముందుగా హెచ్ఎం సంతకంతో ఉత్తరం రాసి అనుమతి అడగాలి. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవానికి నెల ముందు ఫోన్ చేసి, ఆ వారంలో బడి టీచర్లను రానిస్తారేమో కనుక్కోండి.

కాంప్లెక్స్ మీటింగ్‌లో ఇరవై నిమిషాలు అడగండి

నాయకత్వం అనగానే హెచ్ఎం కుర్చీ, ఎంఈవో ఇన్‌చార్జి, సంఘం పదవి గుర్తొస్తాయి. పాఠం విషయంలో నాయకత్వం ఇంకో రకం, దానికి ఉత్తర్వు అక్కర్లేదు. మీరు చేసింది చూసి పక్క బడిలో ఇంకొకరు చేయడం మొదలుపెడితే మీరు నాయకులే.

మన ప్రాంతంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. ఒకప్పటి చిత్తూరు జిల్లాలోని రిషివ్యాలీ స్కూల్ వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన చిన్న బళ్లలో, ఒకే గదిలో అన్ని తరగతుల పిల్లలూ కార్డులు పట్టుకుని, నిచ్చెన మెట్లలా ఒక్కో మెట్టు ఎక్కుతూ ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకునే పద్ధతి తయారుచేశారు. 1990లలో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె తాలూకా ప్రభుత్వ టీచర్లు ఇక్కడికి వచ్చి చూసి వెళ్లారు. తిరిగి వెళ్లి తమ పాఠాలకు తగ్గట్టు తామే కార్డులు రాసుకున్నారు. 1995లో అక్కడ మొదలైన ఆ కార్డుల పద్ధతి, నలి కలి, తర్వాత కర్ణాటక అంతా పాకింది. తమిళనాడు కృత్యాధార బోధనకూ దారి ఇక్కడి నుంచే పోయింది. ఆ వచ్చినవాళ్లు కూడా మనలాగే బళ్లో పాఠం చెప్పుకునే టీచర్లే.

అంత పెద్దది అక్కర్లేదు, చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌తో మొదలుపెట్టండి. మామూలుగా అక్కడ సర్క్యులర్లు చదువుతారు, యాప్‌లో ఎంత శాతం అయిందో చూస్తారు, టీ తాగుతారు. ముందురోజే కాంప్లెక్స్ హెచ్ఎంని ఇరవై నిమిషాలు అడిగి పెట్టుకోండి. భోజనానికి ముందు అడగండి, తర్వాత అడిగితే సగం మంది బస్సు టైము చూసుకుంటూ ఉంటారు.

పీపీటీ తీసుకెళ్లకండి. తప్పుల కట్టల్లోంచి తీసిన ఆ ఫొటోలు గుర్తున్నాయి కదా, వాటిని ప్రింటు తీయించి నలుగురికొకటి చొప్పున ఇవ్వండి. "ఈ పిల్ల 476 ఎందుకు రాసింది?" అని అడిగి ఊరుకోండి. ఇక్కడా మూడు సెకన్లు ఆగాలి, ఆ మాటకొస్తే టీచర్ల దగ్గర ముప్పై సెకన్లు ఆగాలి. మొదట "ఇంట్లో చదివించరు సార్" అని వస్తుంది. "చదువు రాకపోయినా పాస్ చేసి పంపేశారు" అని వస్తుంది. వాదించకండి. "సరే, ఆ 7 ఎక్కడి నుంచి వచ్చింది?" అని మళ్లీ కాగితం దగ్గరికి తీసుకురండి. ఎవరో ఒకరు, చాలాసార్లు మూలన కూర్చున్న ఎస్జీటీ, "ఏడులోంచి సున్నా తీసేసింది సార్" అంటారు. ఇక మీటింగ్ ఆమెది. మీరు కూర్చోండి. చివర రెండు నిమిషాలు మాత్రం తీసుకుని, వచ్చే మీటింగ్‌కి ఇలాంటి పేజీలు ఎవరు తెస్తారో తేల్చుకోండి. రెండోసారి కూడా మీరే తెస్తే అది మీ కార్యక్రమం అయిపోతుంది, మూడోసారికి ఎవరూ పట్టించుకోరు.

కొత్తగా వచ్చిన టీచర్

2025 మెగా డీఎస్సీ తర్వాత చాలా బళ్లలోకి కొత్త టీచర్లు వచ్చారు. సబ్జెక్టులో మనకంటే పదునుగా ఉన్నవాళ్లు చాలామంది. వాళ్లకు తెలియనిది బడి: ఏ పిల్ల ఇంట్లో పొద్దున సంగటి కూడా తినకుండా వస్తుంది, మామిడి కాయల కాలంలో ఎవరు తోటల్లోకి కూలికి పోతారు, ఏ తండ్రితో ఫోన్‌లో మాట్లాడాలి, ఎవరితో ఎదురుగా మాట్లాడాలి. ఇవి చెప్పండి. "మీరింకా కొత్త, పోనుపోనూ మీకే తెలుస్తుంది" అనకండి. వాళ్ల క్లాసు చూడడానికి ముందు మీ క్లాసు చూడడానికి వాళ్లను పిలవండి. వాళ్ల దగ్గర కూడా అడిగి నేర్చుకోవాల్సింది ఉంటుంది. ఇంటరాక్టివ్ ప్యానెల్‌తో జియోమెట్రీ గీయడం ఈ కొత్త టీచర్లకు మంచినీళ్ల ప్రాయం.

గొంతు, "కుదరదు" అనే మాట

మన పనిముట్టు గొంతు. పీరియడ్‌కి పీరియడ్‌కి మధ్య రెండు గుక్కల నీళ్లు తాగండి, క్లాసు గోలగా ఉన్నప్పుడు దానికంటే గట్టిగా అరవకండి, చప్పట్లో బెల్లో ఒక గుర్తు పెట్టుకోండి. బోర్డును డస్టర్‌తో కాకుండా తడిగుడ్డతో తుడవండి. గొంతు బొంగురు రెండు మూడు వారాలు తగ్గకపోతే మాత్రలు మింగుతూ కూర్చోకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి.

రెండోది, పనులు. బాగా పనిచేసే టీచర్ మీదే బడిలోని ప్రతి పనీ వచ్చి పడుతుంది. యాప్ ఎంట్రీలు, మధ్యాహ్న భోజనం ఫొటోలు, క్విజ్ పోటీలు, ఆగస్టు 15 డాన్సులు. అన్నీ తలకెత్తుకుంటే ముందు పోయేది మీ పాఠం తయారీయే. హెచ్ఎం కొత్త పని అప్పగించినప్పుడు ఎదురు చెప్పక్కర్లేదు. "చేస్తాను సార్, దీనికి బదులు ఇప్పుడు నా దగ్గరున్న వాటిలో ఏది ఎవరికిద్దాం?" అని అడగండి. మర్యాదగానే ఉంటుంది, లెక్కా తేలుతుంది. రాత్రి తొమ్మిది తర్వాత గ్రూపులో వచ్చే మెసేజ్ పొద్దున చూసినా కొంపలేం మునగవు.

ఏడాదిలో ఎప్పుడు ఏది

జూన్ 12న బడి తెరిచాక మొదటి నెల ఏమీ మొదలుపెట్టకండి, పుస్తకాలు, అడ్మిషన్ల హడావుడి ఉంటుంది. జులైలో రికార్డింగ్. మొదటి ఫార్మేటివ్ పరీక్ష కాగానే తప్పుల కట్టలు, అందులోంచి ప్రశ్న. దసరా సెలవులకు ముందు కనీసం ఒక్కసారి ఒకరి క్లాసు ఒకరు చూసుకోవాలి, ఆ గడప దాటితే మిగతావి సులువు. కాంప్లెక్స్ మీటింగ్ ఇరవై నిమిషాలు నవంబరులో పెట్టుకోవచ్చు. శనివారం ప్రయాణాలకు సంక్రాంతి తర్వాత, ఎండలు ముదరకముందు బాగుంటుంది. పదో తరగతి చెప్పేవాళ్లు జనవరి నుంచి స్టడీ అవర్స్‌లో మునిగిపోతారు కాబట్టి, వాళ్లు ఇవన్నీ డిసెంబరులోపే కానిచ్చుకోవాలి.

ఏప్రిల్‌లో ఒక చివరి పని. వచ్చే ఏడాది మీ పిల్లలు వెళ్లే తరగతి టీచర్‌కి ఒక పేజీ రాసివ్వండి. మార్కులు వద్దు, అవి రిజిస్టర్‌లో ఉన్నాయి. ఎవరు దేని దగ్గర ఆగారు, ఏం చేస్తే కదిలారు, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెడితే పని జరుగుతుంది, అంతే. చివరి పనిదినం 23న ఇవ్వకండి, ప్రోగ్రెస్ కార్డుల గొడవలో ఆ కాగితం ఎవరి బ్యాగులోనో పోతుంది. ఒక వారం ముందే ఇచ్చి, పక్కన కూర్చుని చదివించండి.